రోజూ తిరగడానికి పాత ఆల్టో లాంటి చిన్న కారు కొంటే ఖర్చు నిజంగా తక్కువేనా?

రోజుకు నలభై కిలోమీటర్లు తిరగాలి, చేతిలో రెండు లక్షలున్నాయి, పాత కారు కొంటే రిపేర్ల ఖర్చు తడిసి మోపెడవుతుందని ఇంట్లో భయపెడుతున్నారు, ఏం చేయమంటారని అడిగారు. కొనండి. కాకపోతే ఆ రెండు లక్షలూ బండికే పెట్టేయకండి. ఓ పాతిక, ముప్ఫై వేలు పక్కన ఉంచుకుని, మిగిలిన దాంట్లో దొరికే బండి చూసుకోండి. ఎందుకో చెబుతాను.

మాది కాకినాడ. తాళ్లరేవు వైపు ఒక ఊళ్లో టీచర్‌ని. 2013 మోడల్ ఆల్టో 800 సెకండ్ హ్యాండ్‌లో కొని, 216 హైవే మీద రోజూ బడికి వెళ్లొస్తున్నాను. ఒక పక్క ఉప్పుగాలి, ఇంకో పక్క రొయ్యల చెరువుల లారీలు. బండికి పరీక్ష పెట్టే రోడ్డే అనుకోండి.

మా ఇంట్లోనూ మొదట ఇదే గొడవ. "ఇంకో లక్ష వేసుకుని పెద్ద బండి తీసుకో" అని మావారు, "ఆటోకి అలవాటు పడ్డావుగా, ఇప్పుడెందుకు" అని అత్తయ్య. నేను పట్టుబట్టి ఆల్టోనే తీసుకోవడానికి మైలేజీ కారణం కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు అందులో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ ఉండేది. తర్వాత ఓమ్నీలో, 2000లో వచ్చిన ఆల్టోలో, 2012లో వచ్చిన ఆల్టో 800లో అదే కుటుంబానికి చెందిన ఇంజన్‌నే మెరుగులు దిద్దుతూ వాడారు. ఆల్టో 800 తయారీ 2023 మార్చితో ఆగిపోయింది. అంటే సుమారు నలభై ఏళ్లు మన మెకానిక్‌ల చేతుల్లో నలిగిన ఇంజన్ అది. తాళ్లరేవులో ఆగిపోయినా, పెదపూడిలో ఆగిపోయినా విప్పి బిగించగలిగే మనిషి దొరుకుతాడు. క్లచ్ ప్లేట్ కావాలంటే సాయంత్రానికి వస్తుంది. కంపెనీ పార్టు ఖరీదనిపిస్తే వేరే బ్రాండ్లవి రెండు మూడు రకాలు ఉంటాయి. పాత బండి విషయంలో నా దృష్టిలో చవక అంటే ఇదే.

అందుకే సంతలో బాగా చవగ్గా కనిపించే కొన్ని బండ్లను వదిలేయమంటాను. షెవర్లే మన దేశంలో అమ్మకాలు 2017 చివరికల్లా ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. టాటా నానో తయారీ 2018తో ముగిసింది. వీటిలో మంచి బండ్లు లేవని కాదు, నానో కూర్చోవడానికి ఆల్టో కన్నా విశాలంగా ఉంటుంది కూడా. కానీ ఒక చిన్న సెన్సర్ కోసం వారం రోజులు బండి షెడ్డులో నిలబడితే మీ డ్యూటీ సంగతేంటి? రెండో కారు ఉన్నవాళ్లకి అవి సరదా. మీకు, నాకు కాదు.

ఇక చూసేటప్పుడు. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల వాళ్లు బండికి పాలిష్ కొట్టి, టైర్లకి నలుపు పూసి, డ్యాష్‌బోర్డు మెరిపించి పెడతారు. మీటర్లో కిలోమీటర్లు నమ్మే పని లేదు. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బర్లు చూడండి. నలభై వేలే తిరిగిందని చెప్పే బండికి పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నగా ఉందంటే ఎక్కడో అబద్ధం ఉన్నట్టే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైందని. టైరు మీది గాట్లు బాగానే కనిపిస్తున్నా ఆరేడేళ్లు దాటిన టైరును లెక్కలోంచి తీసేసి బేరమాడండి.

బేరం కుదిరేలా ఉంటే మీ మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. వస్తానంటే మొహమాటపడకుండా ఓ ఐదొందలు చేతిలో పెట్టండి. నేను మొదట చూసిన బండి ధగధగలాడిపోతోంది. మా మెకానిక్ మేస్త్రి బానెట్ ఎత్తి, ఇంజన్ చల్లారి ఉందని చెయ్యి పెట్టి చూసుకుని, రేడియేటర్ మూత తిప్పి వేలు ముంచాడు. వేలికి ఇటుకరాయి రంగు మడ్డి అంటుకుంది. "కూలెంట్ కాదండి మేడంగారూ, బోరు నీళ్లు పోసుకుంటూ వచ్చేరు" అన్నాడు. తర్వాత ఇంజన్ ఆయిల్ మూత తీసి దాని లోపలి వైపు నాకు చూపించాడు. పాలు ఎక్కువైన టీ రంగులో జిడ్డు. నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయే రకం అని అక్కడే చెప్పేశాడు. అమ్మే ఆయన పదిహేను వేలు తగ్గిస్తానన్నాడు. మేస్త్రి చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్లిపోయాడు, నేనూ వెళ్లిపోయాను.

మన దగ్గర ఈ జబ్బు ఎక్కువ. ఎండాకాలం నీళ్లు తగ్గాయనగానే పెట్రోలు బంకులోనో, టీ కొట్టు దగ్గరో బాటిల్ నీళ్లు పోసేస్తారు. దారిలో తప్పనిసరై ఓసారి పోస్తే కొంప మునగదు. అదే అలవాటైతే ఆ నీళ్లలో ఉప్పు, సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటాయి, అల్యూమినియాన్ని లోపలినుంచి తినేస్తాయి, ఓ మే నెల మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది. అప్పటికీ ఏసీ వేసుకుని లాగిస్తే ఇంజన్ హెడ్ వంకర పోతుంది. ముందే నీళ్లు కలిపి, నేరుగా పోసుకోవడానికి సిద్ధంగా ఉన్న కూలెంట్ లీటరు మూడు, నాలుగొందలకే దొరుకుతుంది. హెడ్ పని చేయించాలంటే పాతిక వేలకు తక్కువ కాదు.

కోస్తాలో ఉంటే రెండో శత్రువు తుప్పు. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. బండి కొనేటప్పుడు కాళ్ల కింద మ్యాట్లు ఎత్తండి, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టండి. తలుపులు తెరిచి కింది అంచు వేలితో తడమండి, పెయింటు ఉబ్బి కరకరలాడితే లోపల రేకు పోయినట్టే. తలుపు అడుగున సన్నటి కంతలు ఉంటాయి, అద్దం మీంచి లోపలికి దిగిన వాన నీళ్లు వాటిలోంచే పోవాలి. దుమ్ము, ఆకులు చేరి అవి మూసుకుపోతాయి. ఒక తుపాను తర్వాత నా బండి డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే లోపల గుడగుడమని చప్పుడు. చీపురు పుల్లతో కంత పొడిచేసరికి చెంబెడు మురికి నీళ్లు నా చీర మీదే పడ్డాయి. ఇప్పుడు వర్షాకాలంలో నెలకోసారి పుల్ల పెట్టడం, బానెట్ వెనక వైపర్ల కింద చేరే వేపాకు ఏరేయడం, బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించడం అలవాటు చేసుకున్నాను. లోతట్టు ప్రాంతాల వాళ్లకి ఇంత అక్కర్లేదు.

ముందు చెప్పిన పాతిక, ముప్ఫై వేల సంగతి. పాత యజమాని ఏం చేశాడన్నది పట్టించుకోకుండా ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించేయండి. ఆల్టో 800లో ఇంజన్ వాల్వులను వేళకి తెరిచి మూయించే టైమింగ్ బెల్ట్ ఉంటుంది, కాస్త పెద్ద ఇంజన్ ఉన్న ఆల్టో కే10లో అయితే చైన్. ఆ బెల్ట్ లక్ష కిలోమీటర్ల లోపు మార్చాలి. ఎప్పుడు మార్చారో కాగితం చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని వేయించండి. తెగితే బండి ఎక్కడుంటే అక్కడే. తర్వాత ముందు చక్రాల సస్పెన్షన్ బుష్‌లు, బ్రేక్ ప్యాడ్లు, అవసరమైతే బ్యాటరీ. ఇవన్నీ ఒకేసారి చేయిస్తే ఆ తర్వాత ఏడాదంతా దాదాపు ఆయిల్ ఖర్చే.

నాకు అవుతున్న ఖర్చు ఇంచుమించుగా చెబుతాను, మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. బయటి షెడ్డులో ఏడాదికోసారి, లేదా పది వేల కిలోమీటర్లకు, సర్వీసు నాలుగైదు వేలు. ఇంజన్‌కి పట్టే ఆయిల్ మూడు లీటర్ల లోపే. 145/80 ఆర్12 టైర్లు నాలుగూ కలిపి పన్నెండు వేల లోపు, అదే కొత్త రకం ఎస్‌యూవీకి రెండు టైర్లు కూడా రావు ఆ డబ్బుకి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వెయ్యి సీసీ లోపు కార్లకి 2022లో ఖరారు చేసిన రేటు 2,094 రూపాయలు, పైన పన్ను. వెయ్యి దాటి పదిహేను వందల లోపైతే 3,416. ఇలా ప్రతి చోటా చిన్న బండికి కలిసొస్తుంది.

పెట్రోలు దగ్గర మాత్రం కంపెనీ చెప్పే లీటరుకి ఇరవై రెండు, ఇరవై నాలుగు కిలోమీటర్ల లెక్కలు మర్చిపోండి. ఏసీతో ఊళ్లో పదిహేను, పదహారు, ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతే ఇరవై దాకా వస్తుంది. మీ నలభై కిలోమీటర్లకి నెలకు ఆరు, ఆరున్నర వేలు వేసుకోండి. నాకో చిన్న సుఖం ఉంది. తాళ్లరేవు దాటి కొంచెం ముందుకెళ్తే యానాం. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి పన్ను తక్కువ, పెట్రోలు మన ఏపీ కంటే చవక. బడి అయ్యాక నెలకోసారి అటు వెళ్లి ట్యాంకు నింపుకుని, పనిలో పనిగా వారం కూరగాయలు కూడా తెచ్చుకుంటాను. పెట్రోలు కోసమే కాకినాడ నుంచి యానాం వెళ్లొచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్ల లెక్క నాకెప్పటికీ అర్థం కాదు.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు గురించి కూడా టెన్షన్ పడుతుంటారు. ఇథనాల్‌లో పెట్రోలు కన్నా శక్తి సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త పడిపోవడం సహజం. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు దీన్ని తట్టుకునేలా వచ్చాయి. అంతకు ముందువైతే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా పెట్రోలు పైపులు, వాటి రబ్బర్లు ఓసారి చూడమని చెప్పండి. బండి పక్కన పెట్రోలు వాసన వస్తే మాత్రం సర్వీసు దాకా ఆగొద్దు.

నడపడంలో ఒకటి రెండు. ఆల్టో 800కి నలుగురెక్కి ఏసీ వేస్తే ఫ్లైఓవర్ మీద ఆయాసం. రెండో గేరులోకి దింపండి, మూడులో ఈడ్చకండి. రోజూ నలుగురితో తిరిగేవాళ్లైతే 998 సీసీ కే10 చూసుకోవడం మేలు. ఏ వేరియంట్ అని చూసేటప్పుడు ఎల్ఎక్స్ఐ అడగండి, అందులో పవర్ స్టీరింగ్ ఉంటుంది. బేస్ మోడల్‌కి అదీ లేదు, ఏసీ కూడా లేదు. చవగ్గా వచ్చింది కదాని బయట ఏసీ బిగించే ఆలోచన అస్సలు పెట్టుకోకండి.

మా బడి ఆవరణలో ఎలుకలు ఎక్కువ. వైరింగ్ మీద తొడుగు కొరికేస్తాయి, ఉన్నట్టుండి హెడ్‌లైట్ వెలగదు. ఎవరో చెబితే బానెట్ కింద పొగాకు కాడలు కట్టాను. ఎలుకలకి ఎంత తేడా తెలిసిందో గానీ ఏసీ వేస్తే చుట్ట వాసన. కారులో తినుబండారాలు ఉంచకపోవడం, రెండు రోజులకోసారి బానెట్ తీసి చూడటం, ఇవే పనికొచ్చాయి.

ఇంకో మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఇవి గట్టి బండ్లు కావు. 2014లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎయిర్‌బ్యాగ్ లేని ఆల్టో 800కి ఒక్క స్టారూ రాలేదు. 2023లో కే10కి పెద్దల భద్రతలో రెండు స్టార్లు వచ్చాయి, పిల్లల విషయంలో సున్నా. అందుకే నేను నా బండిని ఊరికీ బడికీ మధ్యే ఉంచుతాను. హైదరాబాద్ వెళ్లాలంటే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. మీ డబ్బులు కాస్త సాగితే 2019 జులై తర్వాత తయారైన బండి చూడండి, అప్పటి నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోనంటే బండి స్టార్ట్ చేయకండి. మా అత్తయ్య మొదట్లో విసుక్కునేది, ఇప్పుడు ఎక్కగానే తనే లాక్కుంటుంది.

కొత్తది కొందామా అనే ఊగిసలాట ఉంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో పాత బండ్ల ధర కూడా దిగాలి. పాత లెక్కలే చెప్పే అమ్మకందారుకి ఈ మాట గుర్తుచేయండి.

చివరగా కాగితాలు. ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్. ఢిల్లీలోలాగా పదిహేనేళ్లకి బండి తీసేయాలన్న రూలు మన రాష్ట్రాల్లో లేదు. అయినా మరో రెండేళ్లలో గడువు తీరే బండికి ఆ ఖర్చు కూడా తగ్గించి బేరమాడండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అప్పు తీరిందన్న కాగితం), ఆర్సీలోంచి ఆ పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని "తర్వాత చూద్దాంలే" అనే కన్సల్టెన్సీ వాళ్లు చాలామంది. ఆన్‌లైన్‌లో చలాన్లు ఏమైనా ఉన్నాయేమో చూసి అవి అమ్మేవాళ్ల చేతే కట్టించండి, ఆర్సీ మీ పేరు మీదికి మారేదాకా ఓ పది వేలు మీ దగ్గరే ఆపుకోండి.