పెన్ను చూపించి “ఇదేంటి” అని అడిగి వెళ్ళిపోతే అది పరీక్షేనా?

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారికి స్ట్రోక్ వచ్చింది, మాట సరిగ్గా రావట్లేదు, డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి పేరడిగి, పెన్ను చూపించి, చెయ్యెత్తమని చెప్పి వెళ్ళిపోయారు, దీంతో మాటకు ఏమైందో తెలిసిపోతుందా?

అంతమాత్రాన తెలిసిపోదు. నేను డాక్టర్ని కాదు, వరంగల్‌లో మా పెద్దనాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చున్నదాన్ని. అక్కడ చూసిన దాన్ని బట్టి చెప్తున్నా. మంచం పక్కన చేసే పరీక్షలో లోపం లేదు. సరిగ్గా చేస్తే పావుగంటలో స్కాన్ చెప్పని సంగతులు కూడా బయటపడతాయి. కాకపోతే సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ, చుట్టూ నిలబడి దాన్ని చెడగొట్టే చుట్టాలు ఎక్కువ.

మా పెద్దనాన్న టైలర్. ఒకరోజు పొద్దున టీ తాగి, కొట్టు తాళాలు చేతిలోకి తీసుకుంటూ ఏదో మాట్లాడాడు. పెద్దమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు ఆయనదే, యాస ఆయనదే, చెయ్యి తిప్పుతూ చెప్పే తీరూ ఆయనదే. “గది గాదే, కడిపె లేకుంట లాగు ఎట్ల సంతకమైతది? మొన్న జెప్పిన గదా!” అని పైగా పెద్దమ్మ మీదే గరమయ్యాడు. మూతి వంకర పోలేదు. కాళ్ళూ చేతులూ మంచిగున్నాయి. చెప్పులు వేసుకుని కొట్టుకు బయల్దేరాడు కూడా.

ఇంక వాడకట్టంతా డాక్టర్లే. ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు పిచ్చి డాక్టరుకు చూపించమన్నారు. దగ్గర్లో ఉన్న ఒకాయన టెన్షన్ వల్ల అని చెప్పి బలానికి సూది వేసి పంపాడు. స్ట్రోక్ అయితే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది. పెద్దనాన్నను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి సాయంత్రం దాటింది. స్ట్రోక్ పోస్టర్ల మీద నాకు కోపం అందుకే. మూతి, చెయ్యి, మాట అని మూడు బొమ్మలు వేస్తారు. మాట అంటే నత్తి రావడమో ముద్దగా పలకడమో అనుకుంటారు జనం. ధారాళంగా, స్పష్టంగా, అర్థంపర్థం లేకుండా మాట్లాడటం కూడా స్ట్రోకే కావచ్చని ఆ పోస్టర్ చూసి ఎవడికి తెలుస్తుంది?

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు వచ్చి పేరు, ఊరు, ఇవాళ ఏం వారం అని అడిగాడు. పెద్దనాన్న మూడింటికీ తీరిగ్గా, వివరంగా జవాబులు చెప్పాడు. ఒక్కటీ అతకలేదు. కేస్ షీట్లో “కన్‌ఫ్యూజ్డ్” అని రాసి వెళ్ళాడు. వారం మరిచిపోవడం వేరు, ఏం వారం అని అడుగుతున్నారని అర్థం కాకపోవడం వేరు. మాట సంగతి తేలకుండా మతి సంగతి తేల్చడం ఏం వైద్యమో నాకు అర్థం కాలేదు. ఆ ఒక్క మాట కేస్ షీట్లో పడ్డాక నర్సుల దగ్గర్నుంచి వార్డ్ బాయ్ దాకా అందరూ ఆయన్ని మతి పోయిన మనిషిగానే చూశారు.

మర్నాడు ఎమ్మారైలో తెలిసింది, మెదడు ఎడమ పక్క, చెవి వెనక భాగానికి రక్తం అందలేదని. 1874లోనే కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు ఈ రకం మాట దెబ్బ గురించి రాసిపెట్టాడు. అంతకు 13 ఏళ్ళ ముందు పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన రోగి “టాన్” అన్న ఒక్క ముక్క తప్ప పలకలేకపోయేవాడు, కానీ చెప్పింది చాలావరకు అర్థమయ్యేది. వెర్నికే రోగులది దానికి తలకిందులు, మాట ఆగదు, ఎదుటివాళ్ళ మాట తలకెక్కదు. ఈ రకంలో చాలామందికి కాలూ చెయ్యీ పడిపోవు. కాబట్టే పిచ్చి అనుకుంటారు.

ఈలోపు పరామర్శలు మొదలయ్యాయి. బ్రెడ్డు ప్యాకెట్టు, కొబ్బరిబొండాం పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళూ సొంత పరీక్ష పెట్టారు. “నన్ను గుర్తువట్టినవా మామా? నేనెవరో చెప్పు సూద్దాం!” ఆయన నవ్వి ఏదో అంటాడు. “అగో, గుర్తువట్టిండు!” అని వీళ్ళు సంబరపడతారు, లేదంటే “నన్నే మర్చిపోయిండు” అని కళ్ళొత్తుకుంటారు. కొందరైతే చెవిటివాడికి చెప్పినట్టు అరుస్తారు. ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి మహాప్రభో!

ఆ తర్వాత వచ్చింది స్పీచ్ థెరపిస్ట్. మా ఇంట్లో పిల్లలకన్నా చిన్నదానిలా ఉంది. పేషెంటును ఏమీ అడగలేదు, ముందు మమ్మల్ని అడిగింది. కళ్ళద్దాలు ఉన్నాయా, ఏ చేతి వాటం, ఎంతవరకు చదివాడు, ఇంట్లో ఏ భాష, కొట్లో ఏ భాష. అద్దాలు ఇంట్లోనే మర్చిపోయారంటే తెప్పించేదాకా మొదలుపెట్టలేదు. వార్డులో టీవీ ఆపించింది. కుర్చీ ఆయనకు ఎడమ పక్కన వేసుకుంది. ఇలాంటి స్ట్రోక్‌లో కుడి పక్క చూపు పోయి ఉండొచ్చట, ఆ పక్క పెన్ను చూపిస్తే మాట రాకా, పెన్ను కనపడకా అన్నది తేలదు. నన్నొక్కదాన్ని ఉండనిచ్చి మిగతావాళ్ళను బయటకు పంపింది. “అక్కా, మీరు చెయ్యే కాదు, కనుబొమ్మ కూడా కదిలించొద్దు” అంది.

ముందు ఆయన్ని మాట్లాడనిచ్చింది. “ఏం పని చేస్తరు బాపూ?” అని అడిగి, మధ్యలో అడ్డు పడకుండా వింటూ కాయితం మీద గీతలు పెట్టుకుంది. తర్వాత “కళ్ళు మూసుకోండి” అంది. టక్కున మూసుకున్నాడు. “నోరు తెరవండి.” తెరిచాడు. తలుపు సందులోంచి చూస్తున్న పెద్దమ్మ “అన్నీ అర్థమైతున్నయ్ బిడ్డా!” అని ఏడుపూ నవ్వూ కలిపేసింది. ఆ అమ్మాయి మొహంలో మార్పు లేదు. కళ్ళు, నోరు, తల లాంటి వాటితో చేసే పనులు అర్థం చేసుకునే శక్తి బాగా దెబ్బతిన్నా మిగులుతాయట, దాన్ని చూసి మోసపోవద్దని నాకు మెల్లగా చెప్పింది.

ట్రేలో పెన్ను, తాళంచెవి, దువ్వెన, చెంచా పెట్టింది. పెద్దనాన్న చొక్కా జేబులోని కొలతల టేపు తీసి అదీ పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చూపు ఆయన మొహం మీదే ఉంచి, “దువ్వెన చూపించండి” అంది. ట్రే వైపు కన్నెత్తలేదు. మనమైతే దువ్వెన అనగానే దువ్వెన వైపు చూసేస్తాం, లేదా తల దువ్వుకున్నట్టు చెయ్యి ఆడిస్తాం, పేషెంటు దాన్ని పట్టుకుని గట్టెక్కేస్తాడు. పెద్దనాన్న ఒకసారి అన్నిటినీ చూసి, టేపు అందుకుని, ఆ అమ్మాయి భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యి కొలత తీయడం మొదలుపెట్టాడు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు, టేపు మెలిక పడలేదు. కొలిచి, పుస్తకంలో రాసుకొమ్మన్నట్టు నా వైపు తిరిగి ఏదో అన్నాడు. అది అంకె కాదు.

తర్వాత అవును కాదు ప్రశ్నలు. “మీరు టైలరా?” “ఆ.” “మీరు బస్సు డ్రైవరా?” “ఆ.” “రాయి నీళ్ళ మీద తేలుతదా?” “ఆ.” ప్రతిదానికీ తల ఊపి, మంచి నమ్మకంగా “ఆ”. ఇంట్లో పెద్దమ్మ “బువ్వ తింటవా” అన్నప్పుడు చెప్పిన “ఆ” కూడా అదే కదా అని నాకు అప్పుడు తట్టింది. ఒకటి అవును, ఒకటి కాదు రావాల్సిన ప్రశ్నలు జతగా అడిగితే గానీ అవునుకు విలువ లేదు. అసలు మనకు తల ఊపడమంటే వింటున్నా, సరే, కానియ్, ఉండు, అన్నీ కదా.

“వాన పడుతోంది” అనమంది. అలాగే తిరిగి పలకలేకపోయాడు, ఇంకేదో అన్నాడు. అన్నదాన్ని అన్నట్టు తిరిగి చెప్పించడం ఎక్కడా ఎవరూ చెయ్యరు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది అదే. సొంతంగా మాట్లాడలేని మనిషి తిరిగి మాత్రం చక్కగా చెప్పగలిగితే దెబ్బ ఒక చోట, బాగా మాట్లాడుతూ అర్థం చేసుకుంటూ తిరిగి చెప్పలేకపోతే ఇంకో చోట. పైసా ఖర్చు లేని పరీక్ష. “ఒకటి, రెండు…” అని ఆ అమ్మాయి అందిస్తే పదీ దాటి ఆగకుండా లెక్కపెట్టాడు. అది అలవాటు, మాట కాదు అంది. చివరికి కాయితం ఇచ్చింది. సంతకం ముత్యాల్లా పెట్టాడు. పొద్దున ఏం తిన్నారో రాయమంటే అంతే గుండ్రటి అక్షరాలతో రెండు వరుసలు రాశాడు. ఎంత చదివినా అందులో ఒక్క తెలుగు మాట లేదు.

ఆ అమ్మాయి తేల్చింది ఇదీ: మెదడు దెబ్బ వల్ల మాట్లాడటం, అర్థం చేసుకోవడం ఇలా చెడటాన్ని అఫేసియా అంటారు, పిచ్చి కాదు. ఆయన చెప్పేది తప్పని ఆయనకే తెలియడం లేదు, అందుకే మనకు అర్థం కాకపోతే కోపం. తప్పులు దిద్దకండి, అరవకండి, ఎదురుగా కూర్చుని చిన్న మాటల్లో, వస్తువు చూపిస్తూ మాట్లాడండి.

ఒక్క ఫిర్యాదు మాత్రం పేర్లు చెప్పించడానికి అక్కడ చూపించే బొమ్మల మీద ఉంది. స్ట్రోక్ తీవ్రతను కొలిచే ఎన్ఐహెచ్ స్కేల్‌తో పాటు ఎన్నో ఏళ్ళు వాడిన అమెరికా వాళ్ళ కాగితంలో చేతి గ్లవ్, తాళంచెవి, కుర్చీ, ఈకతో పాటు ఎడారి కాక్టస్, రెండు చెట్లకు కట్టే వల ఊయల ఉండేవి. ఆ ఊయల ఫొటో చూపిస్తే నాకే పేరు తట్టలేదు, నాకు స్ట్రోక్ రాలేదు. ఆండ్రూ కెర్టెజ్ తయారుచేసిన వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే మాట పరీక్షకు తెలుగు రూపం ఉంది. తెలుగు మనిషికి అది వాడాలి, లేదా కనీసం ఆయన జేబులోని టేపు తీసి ట్రేలో పెట్టాలి.

భాషల గురించి కూడా మా చుట్టాలకు ఒక నమ్మకం. “తెలుగు పోతే ఏంది, ఉర్దూ వస్తది గదా.” ఆ అమ్మాయి ఉర్దూలోనూ పరీక్షించింది, అక్కడా అంతే. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులను చూసి 2016లో ప్రచురించారు: ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళకు జ్ఞాపకశక్తి, ఆలోచన బాగా మిగిలాయి, కానీ అఫేసియా రావడంలో తేడా ఏమీ లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. కళ్ళు మూసుకొమ్మంటే మూసుకున్నాడు, అడిగినదానికి “ఆ” అన్నాడు, సంతకం పెట్టాడు. ఈ మూడూ చూసి మా చిన్నాన్న ఒక కాయితం పట్టుకొచ్చాడు. కాజీపేట దగ్గర ఉమ్మడి జాగ ఉంది, దాని పంపకం. “సమ్మతమేనా అన్నా అంటే ఆ అన్నడు, సంతకం గూడ మంచిగనే పెడుతుండు, ఇంకేం గావాలె?” అన్నాడు. నేను పెద్దనాన్న దగ్గర కూర్చుని, “ఈ జాగ మొత్తం గవర్నమెంటుకు రాసిద్దామా?” అని అడిగా. “ఆ” అన్నాడు. చిన్నాన్న కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు, నాతో ఇప్పటికీ మాట్లాడడు. మాట్లాడకపోతే పాయె. 1872 కాంట్రాక్ట్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసేవాడికి ఆ సమయంలో అది అర్థమవ్వాలి, తన లాభనష్టాలు బేరీజు వేసుకోగలగాలి. సంతకం గుండ్రంగా ఉందా అని అందులో లేదు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు పక్క మంచం మీదే ఉంది. కుడి చెయ్యి పడిపోయిన పెద్దమనిషి, “టీ… పో…” తప్ప మాట రాదు. ఈయనకేం తెలుసులే అని కొడుకులు ఆయన ముందే ఆస్తులు, ఖర్చులు లెక్కలేసేవాళ్ళు. థెరపిస్ట్ ఆయన్ని “దువ్వెన తీసి, చెంచా పక్కన పెట్టి, తాళంచెవి నాకివ్వండి” అంటే మూడూ వరసగా ఎడమ చేత్తో చేశాడు. ఆ రాత్రి కొడుకులు మళ్ళీ మొదలుపెడితే దుప్పటి వాళ్ళ మీదికి విసిరికొట్టాడు.

కాలు చెయ్యి అంటే ఫిజియోకు రోజూ డబ్బు కడతాం, స్పీచ్ థెరపీ అనేసరికి “మాటలు వాటంతటవే వస్తయిలే” అంటాం. ఎక్కువ కోలుకునేది మొదటి కొన్ని నెలల్లోనే. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న థెరపిస్ట్‌ను చూసుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ కనుక్కోండి. మా పెద్దనాన్న ఇప్పుడు చిన్న మాటలు పట్టుకుంటాడు, తప్పు మాట వస్తే ఆగి తల కొట్టుకుంటాడు. కత్తిరించేది ఆయనే, గిరాకీతో మాట్లాడేది పెద్దమ్మ.

మీరు రేపు రౌండ్స్‌లో డాక్టరుగారిని ఇవి అడగండి: అర్థం చేసుకోవడం చూశారా, తిరిగి చెప్పించారా, రాయించారా, స్పీచ్ థెరపిస్ట్‌కు రాస్తారా అని. ఈలోపు నాన్నగారిని కాదు అనాల్సిన ప్రశ్నలు రెండు మూడు అడిగి చూడండి. దేనికీ “ఊహూ” రాకపోతే, ముందు ఆ సంగతే డాక్టరుగారికి చెప్పండి.