పొద్దున్నే స్టార్ట్ చేయగానే పాత ట్రక్ గలగలమంటే

ప్రశ్న: అన్నా, నేను ఒహాయోకి వచ్చి ఏడాది కాలేదు. ఆఫీసు దూరం, ఫ్రెండ్స్ ఇళ్లు మారేటప్పుడు కూడా పనికొస్తుందని సెకండ్ హ్యాండ్‌లో 2006 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాను. 5.4 లీటర్ల వీ8 ఇంజన్. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని పెద్ద చప్పుడు వస్తోంది, తర్వాత ఏమీ ఉండదు. షాపుకి తీసుకెళ్తే ఇంజన్ లోపల వాల్వులని సమయానికి తెరిపించే టైమింగ్ చెయిన్ సెట్ మొత్తం మార్చాలి, 4,000 డాలర్ల దాకా అవుతుందన్నారు. బండి కొన్నదే 6,000కి. ఏం చేయను?

జవాబు: తమ్ముడూ, ఆ నాలుగు వేలకి ఇప్పుడే ఒప్పుకోవద్దు. చివరికి ఆ పనే అవసరం కావచ్చు, కాదనను. కానీ ఆ షాపువాళ్లు నీ బండి చప్పుడు అసలు విన్నారా అన్నది నా అనుమానం. నువ్వు ఇంటి నుంచి నడుపుకుంటూ వెళ్లావు. అక్కడికి చేరేసరికి ఇంజన్ వేడెక్కింది, ఆయిల్ పైదాకా ఎక్కింది, చప్పుడు పోయింది. ఆ ఇంజన్‌కి ఉన్న పేరుని బట్టి వాళ్లు ఆ మాట చెప్పి ఉంటారు. ఆ పేరు ఊరికే రాలేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

స్టార్టింగ్ చప్పుడు విషయంలో ముందు తేల్చుకోవలసింది అది ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది. సగం జబ్బు అక్కడే దొరుకుతుంది. అందుకని రేపు పొద్దున ఒక పని చెయ్యి. రాత్రంతా ఆపి ఉంచిన బండి బానెట్ తెరిచి, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఇంజన్ కనబడేలా ఒక స్నేహితుణ్ని పక్కన నిలబెట్టు. రికార్డింగ్ మొదలైన తర్వాతే తాళం తిప్పు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టొద్దు. మన దగ్గర పాత లారీలు, అంబాసిడర్లు చలికాలం పొద్దున రేజ్ చేసి వేడెక్కించడం చూసి పెరిగాం కాబట్టి చాలామందికి ఆ అలవాటు ఉంటుంది. ఆయిల్ ఇంకా పైకి చేరని ఆ రెండు మూడు సెకన్లలోనే ఇంజన్‌కి ఎక్కువ అరుగుదల. అప్పుడు రేజ్ చేస్తే కోరి చెడగొట్టుకోవడమే. ఐదు నిమిషాలు అలాగే తిరగనిచ్చి ఆ వీడియో దాచుకో.

ఇక ఏ చప్పుడు దేనిది అన్న మాట.

తాళం తిప్పుతున్నంతసేపే గరగరమని, ఇంజన్ అందుకోగానే ఆగిపోతే ఇంజన్ లోపల చూడాల్సిన పని లేదు. స్టార్టర్ మోటర్‌నో, అది పట్టుకునే పళ్ల చక్రాన్నో చూడాలి. ఇంజన్ అందుకున్నాక కీచుమని అరిస్తే, ముఖ్యంగా మంచు పడిన పొద్దునో వాన వెలిసిన పొద్దునో అరిస్తే, బెల్టు. బెల్టు పళ్లున్న వైపు కాసిని నీళ్లు చిమ్మి చూడు. చప్పుడు ఒక్కసారి మారితే బెల్టో, దాన్ని బిగువుగా పట్టే టెన్షనరో. తక్కువలో అయిపోయే పని.

స్టార్ట్ అయిన దగ్గర్నుంచి టిక్ టిక్ టిక్ మంటూ, ఇంజన్ వేడెక్కే కొద్దీ తగ్గుతూ కొన్ని నిమిషాల్లో పోతే ఎగ్జాస్ట్ లీకేజీని అనుమానించాలి. షెవీ సిల్వరాడో, జీఎంసీ సియెరా ఉన్నవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. వాటిలో సిలిండర్ హెడ్ అల్యూమినియం, దానికి బిగించిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే పొగని బయటికి పంపే గొట్టాల భాగం, పోత ఇనుము. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు. ఏళ్ల తరబడి ఆ లాగుడుకి బోల్టులు తెగిపోతాయి, ఎక్కువగా క్యాబిన్ వైపున్న చివరి బోల్టు. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి గాలి కొట్టి టిక్కుమంటుంది, లోహం వేడెక్కి సందు మూసుకోగానే ఆగుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూడు. బోల్టు తల లేకపోతే, ఆ చుట్టూ నల్లటి మసి ఉంటే దొంగ దొరికినట్టే. ఇది చాలాసార్లు ఇంజన్ లోపల వాల్వులని కదిపే లిఫ్టర్ల చప్పుడని పొరబడి ఇంజన్ విప్పించుకునేదాకా వెళ్తుంది.

అదే వేడెక్కితే తగ్గే చప్పుడు, టిక్కుమని కాకుండా మొద్దుగా డబ్ డబ్‌మంటే పిస్టన్ స్లాప్ కావచ్చు. చల్లగా ఉన్న పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకునే చప్పుడు అది. 2000ల మొదట్లో వచ్చిన జీఎం (షెవీ, జీఎంసీ బండ్లు చేసే కంపెనీ) 5.3 లీటర్ల ఇంజన్లలో ఇది మామూలు. ఆ చప్పుడుతోనే లక్ష మైళ్లు దాటి హాయిగా తిరిగే బండ్లున్నాయి. ఆయిల్ తాగకుండా, వేడెక్కాక నిశ్శబ్దంగా ఉంటే వదిలేయమనే నేను చెప్తాను. 2007 తర్వాతి టొయోటా టండ్రాల్లో చాలావాటికి స్టార్ట్ చేయగానే ఒక మోటర్ గుయ్‌మని నిమిషం లోపు తిరిగి ఆగుతుంది. అది పొగ శుభ్రం చేయడానికి పెట్టిన ఎయిర్ పంప్, దాని పని అది చేసుకుంటోంది.

ఇప్పుడు నీ సంగతి. స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లు మాత్రమే, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమని ఠక్కున ఆగిపోతే, ఆయిల్ ఆలస్యంగా చేరుతోందని అర్థం. ఎందుకు ఆలస్యం అవుతోంది అన్నదే ప్రశ్న. పది డాలర్ల కారణం నుంచి నాలుగు వేల కారణం దాకా వరసగా ఉంటాయి. చవకదాని నుంచి మొదలుపెట్టాలి.

మొదట డిప్‌స్టిక్, ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ. బండి చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలైనా కావాలి. తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడు. పాత వీ8లు గుట్టుగా ఆయిల్ తాగేస్తుంటాయి, కింద చుక్క కూడా కనబడదు. 5.4కి పట్టే ఆయిల్ 7 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ). అందులో రెండు తక్కువైనా డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది. ఆ కాలపు ఫోర్డులో ఆ ముల్లు నిజమైన ప్రెషర్ చూపించదు. కింద ఉన్నది మామూలు స్విచ్, కనీస ప్రెషర్ ఉంటే చాలు ముల్లు మధ్యకి లేస్తుంది. దాన్ని చూసి ధైర్యపడొద్దు.

రెండోది ఆయిల్ ఫిల్టర్. మంచి ఫిల్టర్ లోపల ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. బండి ఆగినప్పుడు ఆయిల్ కిందికి జారిపోకుండా పట్టుకోవడం దాని పని. అది గట్టిపడినా, చవక ఫిల్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా రాత్రంతా ఆయిల్ జారిపోతుంది. పొద్దున మళ్లీ ఫిల్టర్ నిండి పైకెక్కేదాకా గలగల. నువ్వు కొనే ముందురోజు ఎవరో ఆఫర్‌లో ఏ ఫిల్టర్ వేశారో ఎవరికి తెలుసు? సిలికోన్ వాల్వున్న ఫోర్డ్ వాళ్ల మోటర్‌క్రాఫ్ట్ ఎఫ్ఎల్-820ఎస్ ఫిల్టర్ తెచ్చి, మాన్యువల్‌లో చెప్పిన 5డబ్ల్యూ-20 ఆయిల్‌తో మార్చు. ఫిల్టర్ రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. పాత ఫిల్టర్ తాలూకు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడు. దాని మీదే కొత్తది బిగిస్తే రోడ్డు మీద ఆయిలంతా కారిపోతుంది. తర్వాత రెండు మూడు పొద్దుట్లు మళ్లీ వీడియో తీసి మొదటిదానితో పోల్చు. చప్పుడు పోతే సంతోషం.

పోకపోతే ఆ ఇంజన్‌కి పేరు తెచ్చిన జబ్బు సంగతి చూడాలి. 2004 నుంచి 2010 దాకా ఎఫ్-150లో వచ్చిన ఈ 5.4 త్రీ-వాల్వ్ (సిలిండర్‌కి మూడు వాల్వులు) ఇంజన్‌లో, వాల్వులని తెరిచే ప్రతి క్యామ్‌షాఫ్ట్ ముందు చివర ఫేజర్ అనే భాగం ఉంటుంది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ప్రెషర్‌తో ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఇంజన్ ఆపగానే లోపలున్న పిన్ దాన్ని ఒకచోట లాక్ చేయాలి. ఆ పిన్ పట్టే చోటు అరిగిందంటే, పొద్దున ప్రెషర్ వచ్చేదాకా ఫేజర్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. చెయిన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్లు కూడా ఆయిల్ ప్రెషర్ మీదే ఆధారపడతాయి. వాటి సీల్ పోతే చెయిన్ వదులై ప్లాస్టిక్ గైడుకి కొట్టుకుంటుంది. గైడు విరిగితే ముక్కలు కింద ఆయిల్ పాన్‌లో పడి, ఆయిల్ పీల్చుకునే జాలీకి అడ్డం పడతాయి. అక్కడితో ఆయిల్ ఇంకా తగ్గుతుంది, ఒకదాని వెనక ఒకటి. అందుకే దీన్ని నెలల తరబడి నానబెట్టకూడదు.

ఇది తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష. అరగంట నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లోనే ఉంచి ఆగు. కిటికీ దించి విను. డీజిల్ బండిలా టక టక టక మంటోందా? వేడి ఆయిల్ పలచబడి ప్రెషర్ తగ్గినప్పుడు అరిగిన ఫేజర్లు అలా కొట్టుకుంటాయి. ఆటోజోన్, ఓరైలీ లాంటి స్పేర్ పార్టుల దుకాణాల్లో చాలాచోట్ల బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్స్ ఉచితంగా చదివిపెడతారు. పీ0011, పీ0012, పీ0021, పీ0022 లాంటివి వస్తే క్యామ్ టైమింగ్ గాడి తప్పుతోందని. అదే దుకాణాల్లో ఆయిల్ ప్రెషర్ గేజ్ డిపాజిట్ మీద ఇస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. ఆయిల్ స్విచ్ తీసి దాని చోట గేజ్ బిగించి వేడి ఇంజన్‌లో చూడాలి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ (గేజ్ చూపే ప్రెషర్ కొలత) అయినా ఉండాలన్నది పాత మెకానిక్కుల లెక్క. అంతకంటే బాగా తక్కువుంటే ఫేజర్లు మార్చినా ప్రయోజనం ఉండదు, తక్కువ ప్రెషర్‌కి కారణం ముందు దొరకాలి. ఫేజర్లు మార్చి ఆయిల్ పంప్ వదిలేసే షాపుని నేనైతే నమ్మను.

చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో వినడానికి మెకానిక్ స్టెతస్కోప్ తక్కువ ధరకే దొరుకుతుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ అయినా సరే, మొన ఇంజన్ కవర్ మీద, పిడి చెవి దగ్గర. కానీ తిరుగుతున్న బెల్టు, ఫ్యాన్ పక్కన వంగుతున్నావు. హుడీ తాళ్లు, మెడలో గొలుసు, ఐడీ కార్డు ట్యాగ్ అన్నీ తీసేసి వెళ్లు.

ఒహాయో చలి కాబట్టి ఇది తప్పనిసరిగా చెప్పాలి. గరాజ్ తలుపు మూసి బండి స్టార్ట్ చేయొద్దు. తలుపు తెరిచినా లోపల నిలిపి వేడెక్కించొద్దు, వెంటనే బయటికి తీసెయ్యి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, గరాజ్ నుంచి ఇంట్లోకి వెళ్తుంది. ఎగ్జాస్ట్ లీకేజీ ఉన్న పాత బండి అయితే ఇంకా ప్రమాదం. ఇంట్లో పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పడుకుని ఉంటారు. డిటెక్టర్ లేకపోతే ఈరోజే తెచ్చి పెట్టు.

ఎర్ర ఆయిల్ దీపం స్టార్ట్ అయ్యాక కూడా ఆరకపోతే, లేదా ఇంజన్ అడుగు నుంచి ఠంగ్ ఠంగ్‌మని గట్టి దెబ్బలు యాక్సిలరేటర్‌తో పాటు పెరిగితే, అక్కడే ఆపెయ్యి. షాపు రెండు మైళ్లే కదా అని నడపొద్దు. టోయింగ్ ఖర్చు ఇంజన్ ఖర్చు ముందు లెక్కలోది కాదు.

షాపుకి మళ్లీ వెళ్లేటప్పుడు బండి ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలిపెట్టు. పొద్దున మొదటి స్టార్ట్ మీరే చేసి వినండి అని చెప్పి, వీడియో కూడా పంపు. ఏం పాడైందో నువ్వు చెప్పకు, ఏం వినిపిస్తోందో చెప్పు. ‘టైమింగ్ అనుకుంటున్నాను’ అని నువ్వే అంటే వాళ్లు అదే రాసుకుంటారు. ఏఎస్ఈ అనే సంస్థ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న మెకానిక్కులున్న ఇండిపెండెంట్ షాపుల్లో ఇద్దరి దగ్గర రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకో. ఫేజర్లు, చెయిన్లు, గైడులు, టెన్షనర్లు, ఆయిల్ పంప్ విడివిడిగా రాయమను. విప్పిన పాత పార్టులు కావాలని ముందే చెప్పు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఎస్టిమేట్, ముందే అడిగితే పాత పార్టులు తిరిగి పొందడం చట్టం ఇచ్చిన హక్కులు. ఫ్లష్‌లు, చిక్కటి ఆయిళ్లు పోయమనే సలహాలు చాలా వస్తాయి. అవి చప్పుడుని కొన్నాళ్లు కప్పిపెడతాయి, ఫ్లష్ అయితే అడుగున పేరుకున్న మడ్డిని లేపి జాలీ మీదకి తోస్తుంది. వద్దు.

అన్నీ చూశాక నిజంగా టైమింగ్ పనే అని తేలితే, అప్పుడు బండి మిగతా ఒళ్లు చూడు. ఒహాయోలో రోడ్డు మీద చల్లే ఉప్పుకి ఫ్రేమ్, బ్రేక్ లైన్లు తుప్పు పడతాయి. లిఫ్ట్ మీద ఎక్కించి చూపించు. ఫ్రేమ్ బాగుండి, గేర్‌బాక్స్ బాగుంటే నాలుగు వేలు పెట్టొచ్చు, ఆ డబ్బుకి వచ్చే ఇంకో పాత ట్రక్ ఏ జబ్బుతో వస్తుందో తెలియదు కదా. ఫ్రేమ్ పొరలు పొరలుగా రాలుతుంటే, ఉన్న సంగతి కొనేవాళ్లకి చెప్పి అమ్మెయ్యి. ఇంకోటి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. అది వెచ్చగా ఉంటే, రేపు పొద్దున వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి అని చెప్పి వెనక్కి వచ్చెయ్యి.