మందుల డబ్బా ఎవరి సంచిలో ఉంది?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. ఏప్రిల్ మూడో వారంలో మావారు, ఇద్దరు పిల్లలు, 70 ఏళ్ల అత్తయ్యతో అండమాన్ వెళ్లాం. టికెట్లు, హోటల్, ఎప్పుడు ఏం చూడాలన్నదీ అన్నీ నేనే చూసుకున్నాను. రాస్ ఐలాండ్‌లో పదకొండు దాటాక అత్తయ్య కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడిపోయారు. దారిలో బాత్రూమ్ దొరకదేమోనన్న భయంతో ఆవిడ ఉదయం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదని తర్వాత తెలిసింది. అప్పటికి మావారు పిల్లలతో ముందుకు వెళ్లి జింకలకు ఫొటోలు తీస్తున్నారు. వెనక్కి వచ్చి పిల్లల ముందు, పక్కనున్న వాళ్ల ముందు "ఇదేనా నీ ప్లానింగ్?" అన్నారు. తిరుగు పడవలో అత్తయ్య నా చున్నీ అంచు వదల్లేదు. ఇప్పుడు మా ఆడపడుచు "మా అమ్మను చంపబోయావు, క్షమాపణ చెప్పు" అంటోంది. చెప్పాలా? ఇకమీదట అత్తయ్యను ఎక్కడికీ తీసుకెళ్లకూడదా?

జవాబు: మీ ఆడపడుచుకు క్షమాపణ చెప్పనక్కర్లేదు, అత్తగారిని ప్రయాణాలు మాన్పించనక్కర్లేదు. ఆ రెండు ప్రశ్నలకూ ఇంతకంటే ఆలోచన అవసరం లేదు.

ఎండ సంగతి మాత్రం కొంత చెప్పాలి, ఎందుకంటే నింద దాని మీదుగానే మీ మీదికి వచ్చింది. తొలి పడవకే వెళ్లాలని మీరు అనుకున్నారని, మీ వారు లేచి తెమిలేసరికి పదిన్నర అయిందని, "42 డిగ్రీలు చూసినవాళ్లం, 32 ఒక ఎండా?" అని ఆయన నవ్వారని మీ ఉత్తరంలో ఉంది, చోటు చాలక పైన ఆ భాగం తీసేశాను. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, అండమాన్ 93 డిగ్రీల దగ్గర ఉంది; అందువల్ల హైదరాబాద్‌లో 12.15కు నడినెత్తికి వచ్చే సూర్యుడు అక్కడ 11.20కే వస్తాడు, ఏప్రిల్ మూడో వారంలోనైతే దాదాపు నిట్టనిలువుగా. పైగా మన పొడి ఎండలో చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం పక్కన ఉక్కలో చెమట ఆరదు, వేడి ఒంట్లోనే నిలిచిపోతుంది. ఆ వయసులో దాహం తెలియడమే తగ్గుతుంది. దానికి తోడు మీ అత్తగారు వేసుకునే బీపీ మాత్ర ఒంట్లోని నీటిని బయటికి పంపే రకమని మీరే రాశారు.

మీరే రాశారు, గమనించారా? మాత్ర పేరు, వేళ, మోతాదు కూడా రాశారు. ఆవిడ కన్న కొడుక్కి అందులో ఒక్కటైనా తెలుసా?

ఈ ఉత్తరంలో నాకు కనిపించింది అత్తాకోడళ్ల సమస్య కాదు, ఆడపడుచు గొడవ అంతకన్నా కాదు; తల్లీకొడుకుల మధ్య ఎన్నో ఏళ్లుగా మాటలు లేకపోవడం. "బాత్రూమ్ ఎక్కడుందో చూడరా" అన్న చిన్న మాట కొడుకుతో అనలేక ఆ తల్లి నోరు ఎండగట్టుకుంది. బస్సు ప్రయాణమంటే ముందు రోజు నుంచే మంచినీళ్లు తగ్గించుకునే ఆడవాళ్లు మన ఇళ్లలో కొత్త కాదు, మా అమ్మా అంతే. కానీ ముందు నడుస్తున్న కొడుకు ఒక్కసారి వెనక్కి తిరిగి "నీళ్లు తాగావా అమ్మా" అని ఉంటే సరిపోయేది. అక్కడ పెద్దవాళ్ల కోసం బ్యాటరీ బండి ఉంటుంది. దాని సంగతి కనుక్కోవడం కూడా ఆయనకు తట్టలేదు.

పెళ్లయిన రోజు నుంచి తల్లి బాధ్యతను భార్యకు అప్పజెప్పి, తేడా వచ్చిన రోజున మాత్రం లెక్క అడిగే కొడుకును నేను సమర్థించలేను. కోడలు చేసే సేవ కొడుకు చేయవలసిన దాని మీద అదనంగా ఉండాలి. మీ ఇంట్లో అది పూర్తిగా దాని బదులైపోయింది.

ఇందులో మీ పాలు కూడా ఉంది, నొచ్చుకోకండి. 14 ఏళ్లుగా మందుల డబ్బా మీ సంచిలోంచి కదలలేదంటే, నేను లేకపోతే ఈ ఇల్లు నడవదన్న మురిపెం మీకూ కొంత ఉంది. చున్నీ అంచు సంగతి రాసిన తీరులో అది తెలిసిపోయింది. ఆవిడ మిమ్మల్ని పట్టుకున్నందుకు సంతోషించండి. రెండడుగుల దూరంలో కూర్చున్న కొడుకును పట్టుకోనందుకు కాస్త బాధ కూడా పడండి.

ఇక చేయవలసింది. మీ వారు ఆ మాట పిల్లల ముందు అన్నారు కనుక పిల్లల ముందే వెనక్కి తీసుకోవాలి. ఇది మీరు నోరు తెరిచి అడగాలి; గొడవెందుకని ఊరుకుంటే రేపు మీ అబ్బాయి తన భార్యను అలాగే అంటాడు. మీ ఆడపడుచు ఫోన్‌కు ఆయనే బదులివ్వాలి. ఆ రోజు ఆలస్యంగా లేచింది ఎవరో ఆవిడకు అన్న నోటి నుంచే తెలియనివ్వండి.

వచ్చేసారి డాక్టరు దగ్గరికి అత్తగారిని ఆయన ఒక్కరే తీసుకెళ్లాలి. వేసవిలో, ప్రయాణాల్లో ఆ మాత్ర ఎలా వాడాలో, నీళ్లు ఎంత తాగాలో ఆయనే అడిగి తెలుసుకోవాలి; అంతవరకు మాత్రను మీ అంతట మీరు ఆపకండి. ఆ రోజు మీరు కారెక్కవద్దు. దారిలోంచి ఫోన్ చేసి "అమ్మ వేసుకునే మాత్ర పేరేమిటి?" అని ఆయన అడిగితే, అమ్మ పక్కనే ఉందిగా, అమ్మనే అడగమనండి.