విశ్వాసి టీవీ వార్తలను ఎంతవరకు నమ్మాలి?

క్రైస్తవులు లౌకిక ఛానెళ్లు చూడవచ్చా అంటే, చూడవచ్చు. "లోకపు ఛానెల్ కాబట్టి అబద్ధమే, మన సంఘం గ్రూపులో వచ్చింది కాబట్టి నిజమే" అనుకోవడమే అసలు చిక్కు. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ అనే ఊరివారు అపొస్తలుడైన పౌలు మాటలనే లేఖనాలతో పోల్చి చూశారు. అందుకు వాళ్లకు మెప్పే దక్కింది. మరి వాట్సాప్ ఫార్వర్డ్‌ను పరీక్షించడానికి మొహమాటం ఎందుకు?

లూకా 13వ అధ్యాయం నేరుగా ఈ విషయానికే వస్తుంది. రోమా అధిపతి పిలాతు కొందరు గలిలయ ప్రాంతం వాళ్లను చంపించిన కబురు యేసు దగ్గరికి తెచ్చారు. అప్పటి బ్రేకింగ్ న్యూసే అది. ఆయన ఆ వార్తను కాదనలేదు. చనిపోయినవాళ్లు మిగతావారికంటే ఎక్కువ పాపులనే అర్థాన్ని మాత్రం ఒప్పుకోలేదు. యెరూషలేములోని సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి తానే ఎత్తి, వినేవాళ్ల చూపును వాళ్ల సొంత బతుకు వైపు తిప్పారు. అంటే జరిగిన సంగతి వేరు, దానికి అంటించిన అర్థం వేరు. భూకంపం వచ్చిందన్నది వార్త. "అది ఆ ఊరి పాపానికి శిక్ష" అన్నది వ్యాఖ్యానం, చెప్పింది యాంకరైనా పాస్టరైనా సరే.

ఎదుటివాడు వచ్చి ప్రశ్నించేదాకా ముందు మాట్లాడినవాడిదే న్యాయంగా కనిపిస్తుందని సామెతలు 18:17 చెబుతుంది. కాబట్టి రాజకీయ గొడవల్లో కనీసం రెండు పత్రికలు చూడండి. మతం పేరుతో కోపం రేపే వీడియో వస్తే తేదీ, ఊరు తేల్చుకోకుండా పంపొద్దు. పాత వీడియోకి కొత్త ఊరి పేరు తగిలించడం మామూలైపోయింది. నిర్గమకాండము 23:1 లేని వార్త పుట్టించవద్దంటుంది. ఫార్వర్డ్ చేసినవాడికి మినహాయింపు ఉందని నాకైతే అనిపించదు. రాత్రి డిబేట్లు మానేసినా నష్టం లేదు, వాటిలో వార్త తక్కువ, అరుపులు ఎక్కువ.