తుమ్మి కూరకు సరే, పాము కాటుకు వద్దు

ప్రశ్న: వానలు పడ్డాక మా పొలం గట్ల నిండా తుమ్మి మొలుస్తుంది. మా అత్తగారు కూర వండుతారు. పాము కరిచినా దాని పసరు తాగించి, ముక్కులో రెండు చుక్కలు వేస్తే చాలంటారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: పాము సంగతి ముందు చెబుతానమ్మా. నమ్మొద్దు. మా పర్లాకిమిడి వైపూ ఈ మాట ఉంది, పసరుతో బతికారనే కథలూ ఉన్నాయి. అలాంటివాళ్లను కరిచింది విషం లేని పామై ఉంటుంది, లేదా విషం ఒంట్లోకి దిగి ఉండదు. కట్లపామునే తీసుకోండి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పీ వాపూ పెద్దగా ఉండవు కాబట్టి టెన్షన్ పడరు. తర్వాత రెప్పలు వాలిపోతాయి, ఆపైన ఊపిరి ఆడదు. దానికి మందు ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ అదే పనిచేస్తుంది. గాయం కోయొద్దు, తాడుతో బిగించొద్దు. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. అత్తగారికి నెమ్మదిగా నచ్చజెప్పండి, ఆవిడ మాటలో కూర సంగతి నూటికి నూరుపాళ్లు నిజం.

తుమ్మి జానెడు నుంచి మోకాలి ఎత్తు దాకా పెరుగుతుంది. కాండం నాలుగు పలకలుగా, నూగుతో ఉంటుంది. ఆకులు సన్నగా, ఎదురెదురుగా వస్తాయి. కణుపుల దగ్గర గుత్తుల్లోంచి తెల్లపూలు తొంగిచూస్తాయి, తేనెటీగలు వాటిని వదలవు. శివుడి పూజకు వాడేది ఈ పూలే. మనిషెత్తు పెరిగి, నారింజరంగు పూలతో, కణుపు కణుపుకీ ముళ్లబంతి ఉంటే అది రణభేరి. దాన్ని కూరకు కోయకండి.

జలుబు చేస్తే మరిగే నీళ్లలో గుప్పెడు తుమ్మాకు వేసి ఆవిరి పడతాం, మా ఇంట్లో ఇప్పటికీ అదే అలవాటు. ముక్కులో పసరు పోయడం మాత్రం నాకు ఇష్టం లేదు, భగ్గున మండుతుంది. పిల్లలకు అసలే వద్దు.

కూరకు పూత రాకముందు లేత చివుళ్లు కోయాలి. చేదు ఉంటుంది కాబట్టి ఒక ఉడుకు రానిచ్చి, నీళ్లు పిండేసి, పెసరపప్పుతో కలిపి వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టండి. మా అమ్మ చివర్లో కొబ్బరికోరు చల్లేది. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర వండే ఇళ్లు చాలా ఉన్నాయి. మీ రాయగడలో పత్తి చేలు ఎక్కువ కదా, పక్క చేనులో మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకున్నాకే ఆ గట్టు మీద ఆకు కోయండి.