గాడిద కథ, బాల్కనీలో మనిషి

ప్రశ్న: నెట్‌లో భూపేన్ ఖఖర్ బొమ్మలు చూశానండి. కొన్నిట్లో బట్టల్లేని మగాళ్ళు, కొన్నిట్లో గాయాలు, బయటికొచ్చిన పేగులు. ఇదంతా ఆర్టేనా, లేక జనాన్ని షాక్ చేయడమా? మా పిల్లలు కూడా బొమ్మలేస్తారు, వాళ్ళకి చూపించొచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: షాక్ చేద్దామనుకున్నవాడు అన్నేళ్ళు ఆగడండీ. ఖఖర్ బొంబాయిలో పుట్టి బరోడాలో సెటిలైన చార్టర్డ్ అకౌంటెంట్, ఒకపక్క లెక్కలు చూసుకుంటూనే బొమ్మలేసేవాడు, 1972 ప్రాంతంలో వేసినవి మంగలి షాపు, వాచీ రిపేరు కొట్టు లాంటివి. మగవాళ్ళంటే ఇష్టమని బొమ్మల్లో బయటపడేసరికి నలభై దాటేసింది. 1981లో వేసిన 'యూ కాంట్ ప్లీజ్ ఆల్' చూడండి, మన తండ్రీ కొడుకూ గాడిద కథే, ఎక్కినా తప్పే దిగినా తప్పే అంటారు చూడండి ఆ కథ, అది కింద వీధిలో నడుస్తుంటే పైన బాల్కనీలో ఒకాయన ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి చూస్తుంటాడు. కండలు తిరిగిన ఒళ్ళేం కాదు, మామూలు నడివయసు ఒళ్ళు. అందగాళ్ళకే కోరికలుంటాయన్నట్టు వేసే బొమ్మల కంటే నాకిదే నిజం అనిపిస్తుంది.

ఇక పేగుల సంగతి. 1998లో ఆయనకి ప్రొస్టేట్ కాన్సర్ అని తేలింది. ఏ ఒంటితో కోరిక గురించి చెప్పాడో ఆ ఒళ్ళే, అదీ సరిగ్గా ఆ చోటే, జబ్బు పడింది. అయినా మొహం తిప్పుకోలేదు, 2001లో 'బుల్లెట్ షాట్ ఇన్ ద స్టమక్' వేశాడు, పేరే చెప్తోంది కదా, పొట్టలో తూటా. ముందు బొమ్మలు సెక్సు, తర్వాతవి జబ్బు అని విడదీసి చూస్తే రెండూ అర్థం కావు, నన్నడిగితే. 2003లో పోయాడు. మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 విషయంలో, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళది నేరం కాదన్న సుప్రీంకోర్టు తీర్పు 2018లో గానీ రాలేదు, అంటే బతికున్నన్నాళ్ళూ చట్టం దృష్టిలో ఆయన ప్రేమ నేరమే.

మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు కూడా, మెదక్ వైపు నిజాంపూర్ ఆయనది, 1960ల్లో అదే బరోడాలో చదువుకున్నారు, ఊరి ఆడామగా, మేకలు, చెట్లు అన్నిట్లోనూ కోరికని ఎచింగుల్లో, అంటే లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మల్లో, గీశారు. 2016లో పద్మశ్రీ ఇచ్చారు, అప్పుడు మాత్రం అందరూ మనవాడే అన్నారు లెండి.

పిల్లలకంటారా, చిన్నవాళ్ళైతే మంగలి షాపు బొమ్మ చాలు, కాలేజీకొచ్చాక మిగతావి వాళ్ళే వెతుక్కుంటారు.