డబ్లిన్ బడిలో నాలుగో సంవత్సరం: చేర్చాలా, దాటించాలా?

ప్రశ్న: మా వారు ఏడాదిగా ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేసిన మా అమ్మాయిని తీసుకుని నేను ఆగస్టులో అక్కడికి వెళ్తున్నాను. సీటిచ్చిన పాఠశాలవారు, ట్రాన్సిషన్ ఇయర్ అని పిలిచే హైస్కూలు నాలుగో సంవత్సరంలో చేరినా సరే, నేరుగా ఐదో సంవత్సరంలో చేరినా సరే అంటున్నారు. నాలుగో సంవత్సరంలో పబ్లిక్ పరీక్షలే ఉండవట. నాటకాలు, సేవా కార్యక్రమాలు, కొన్నాళ్లు ఎక్కడైనా పనికి వెళ్లిరావడం ఉంటాయట. గుంటూరులో ఉండే మా అన్నయ్య ‘బంగారం లాంటి ఏడాది పాడు చేస్తారా’ అని కోప్పడుతున్నాడు. అమ్మాయికి డాక్టరు కావాలని ఉంది. అక్కడ సీటు రాకపోతే ఇక్కడికి వచ్చి నీట్ రాయించాలనే ఆలోచన కూడా ఉంది. ఐదో సంవత్సరం సబ్జెక్టుల పత్రం జతచేస్తున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అన్నయ్యగారి భయం నాకు బాగా తెలిసినదే. ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. పదో తరగతి పరీక్షలు కాకముందే కాలేజీ సీటు ఖాయం చేసుకునే ఊళ్లు మనవి. కానీ ఇదే విజయవాడలో, ఇదే గుంటూరులో, ఇంటర్ అయ్యాక నీట్ కోసం లాంగ్ టర్మ్‌లో చేరిన పిల్లలను చూసి ఏడాది పాడైందని ఎవరూ అనరు. చదివిన పాఠాలనే మళ్లీ చదివే ఏడాదిని మనం అంత గౌరవంగా చూస్తున్నప్పుడు, కొత్త దేశంలో, కొత్త చదువులో కాలూనుకోవడానికి దొరికే ఏడాదిని కాదనడం అమ్మాయికి న్యాయం కాదు. నాలుగో సంవత్సరంలోనే చేర్చండి.

ఈ ఏడాది నిన్న మొన్న పుట్టింది కాదు. 1974లో కొద్ది పాఠశాలల్లో ప్రయోగంగా మొదలై, 1994 నుంచి దేశమంతా విస్తరించింది. దాని తరువాత వచ్చే ఐదు, ఆరు సంవత్సరాలు మన ఇంటర్ రెండేళ్ల వంటివి. వాటి చివర జూన్‌లో లీవింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది. మన దగ్గరలా ఎంపీసీ, బైపీసీ అని కట్టగట్టిన గ్రూపులు అక్కడ లేవు. పిల్లలు సాధారణంగా ఏడు సబ్జెక్టులు చదువుతారు, వాటిలో బాగా వచ్చిన ఆరింటి పాయింట్లతో కాలేజీ సీట్లు నిర్ణయమవుతాయి. హయ్యర్ అనే కష్టమైన స్థాయిలో 90 శాతం, ఆపైన వస్తే సబ్జెక్టుకు 100 పాయింట్లు. హయ్యర్ స్థాయి గణితంలో 40 శాతం, ఆపైన తెచ్చుకున్నవారికి అదనంగా 25 పాయింట్లు కలుస్తాయి కాబట్టి మొత్తం గరిష్ఠం 625.

మీ అన్నయ్యగారికి నచ్చజెప్పడానికి ముందుగా ఫీజుల సంగతి ఎత్తండి. అక్కడి కాలేజీలు యూరప్ విద్యార్థుల ఫీజు తీసుకోవాలా, బయటి దేశాల విద్యార్థుల ఫీజు తీసుకోవాలా అని తేల్చేటప్పుడు, చేరడానికి ముందరి ఐదేళ్లలో కనీసం మూడేళ్లు ఆ ప్రాంతంలో నివసించారా అని చూస్తాయి. అమ్మాయి నేరుగా ఐదో సంవత్సరంలో చేరితే, కాలేజీ గుమ్మం తొక్కేనాటికి తన నివాసం రెండేళ్లే అవుతుంది. నాలుగో సంవత్సరంలో చేరితే మూడేళ్లు నిండుతాయి. వైద్యవిద్యలో ఈ రెండు ఫీజుల మధ్య తేడా ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ కారణంగానే ఆగస్టు ప్రయాణాన్ని దసరా దాకా వాయిదా వేయకండి. అయితే నివాసంతోపాటు మీ వీసా ఏ తరగతికి చెందినదో కూడా కాలేజీ చూస్తుంది. ప్రభుత్వమే ట్యూషన్ ఫీజు భరించే పథకానికి ఇంకా వేరే షరతులున్నాయి. కనుక అనుకున్న కాలేజీల ప్రవేశాల విభాగాలకు ఇప్పుడే రాసి, జవాబును దాచుకోండి.

ఇక సబ్జెక్టులు. మీరు పంపిన పత్రంలో ఇంగ్లీషు, గణితం అందరికీ ఉన్నాయి. మిగిలినవి నాలుగు గళ్లలో ఉన్నాయి; ఒక్కో గడి నుంచి ఒక్కటే తీసుకోవాలి. మొదటి గడిలో ఫ్రెంచ్, ఫిజిక్స్, జాగ్రఫీ. రెండోదాంట్లో బయాలజీ, బిజినెస్, ఆర్ట్. మూడోదాంట్లో కెమిస్ట్రీ, హిస్టరీ, హోమ్ ఎకనామిక్స్. నాలుగోదాంట్లో బయాలజీ, జాగ్రఫీ, అకౌంటింగ్. పైకి ఏ ఇబ్బందీ కనిపించదు గానీ, మీ అమ్మాయి విషయంలో చిక్కంతా మొదటి గడిలోనే ఉంది.

పన్నెండేళ్ల వయసు వరకు ఐర్లండ్ బయట చదివి, ఐరిష్ భాష నేర్చుకునే అవకాశమే లేని పిల్లలకు ఆ సబ్జెక్టు నుంచి మినహాయింపు ఇస్తారు. బరువు తగ్గిందని మనం సంతోషిస్తాం గానీ, అందరికీ ఏడు ఉన్నప్పుడు మీ అమ్మాయికి ఆరే మిగులుతాయి. ఒకదానిలో తక్కువ వస్తే వదిలేయడానికి వీలుండదు. మరోవైపు, అక్కడి నేషనల్ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలు వైద్యవిద్యకు ఇంగ్లీషు కాక మరో అదనపు భాషలో ఉత్తీర్ణత అడుగుతాయి. లీవింగ్ సర్టిఫికెట్‌లో తెలుగు లేదు. కాబట్టి ఫ్రెంచ్ వంటిది ఒకటి కావాలి. ఫ్రెంచ్ తీసుకుంటే అదే గడిలోని ఫిజిక్స్ పోతుంది. ఫిజిక్స్ పోతే నీట్ తలుపు మూసుకున్నట్టే, ఎందుకంటే నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదివి ఉండాలి.

ఏది బయట చదివించవచ్చో చూడండి. 2025 సెప్టెంబరులో ఐదో సంవత్సరంలో చేరినవారి నుంచి ఈ మూడు సైన్సుల్లోనూ విద్యార్థి స్వయంగా చేసి రాసే పరిశోధనకు 40 శాతం మార్కులు కేటాయించారు. అది పాఠశాల పర్యవేక్షణలో జరగాల్సిన పని కనుక ఫిజిక్స్‌ను ఇంట్లో ట్యూషన్‌తో నెట్టుకురావడం కష్టం. ఫ్రెంచ్‌కు ఆ చిక్కు లేదు. పైగా అర్హత కోసం ఆర్డినరీ అనే తేలిక స్థాయిలో ఉత్తీర్ణత చాలు. అందువల్ల మొదటి గడిలో ఫిజిక్స్, ఆపైన బయాలజీ, కెమిస్ట్రీ, నాలుగో గడిలో జాగ్రఫీ లేదా అకౌంటింగ్ తీసుకుని, ఐరిష్ పీరియడ్లు ఖాళీగా ఉంటాయి గనుక ఆ సమయంలోనూ, బయట ట్యూషన్‌లోనూ ఫ్రెంచ్‌ను ఏడో సబ్జెక్టుగా చదివించడం నాకు సరైనదిగా తోస్తోంది. ఫ్రెంచ్ మౌఖిక పరీక్షకు తమ తరఫున పంపుతారా అని ప్రిన్సిపాల్‌ను ముందే అడగండి. బొంజూర్ కూడా తెలియని పిల్ల మిగతా ఆరు సబ్జెక్టుల మధ్య రెండేళ్లలో ఆ భాష పట్టడం చాలా బరువు. నాలుగో సంవత్సరంలోనే మొదలుపెడితే మూడేళ్లు దొరుకుతాయి.

ఇంగ్లీషు గురించి నాకు ఇంకా ఎక్కువ బెంగగా ఉంది. అక్కడి ఇంగ్లీషు పరీక్ష 400 మార్కులకు ఉంటుంది, అందులో 100 ఒక్క సొంత రచనకే. మన పిల్లలు ఎంత తెలివైనవారైనా సొంతంగా రాయడం అలవాటు లేనివారు. ప్రాక్టికల్స్ ముందు రోజు వరండాలో కూర్చుని, సీనియర్ రికార్డును మోకాలిపై తెరిచి పెట్టుకుని, కొట్టివేతలతో సహా దింపుకునే పిల్లలను నేను ఏటా చూశాను. అటువంటి అలవాటున్న పిల్లను నేరుగా ఐదో సంవత్సరంలో దించితే మొదటి ఆరు నెలలు మాట అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. నాటకంలో చిన్న వేషం వేసినా, వృద్ధాశ్రమంలో రెండు వారాలు పనిచేసినా, ఆ నోటి భాష వస్తుంది. జబ్బుపడిన మనిషి పక్కన కూర్చోవడం తనకు ఇష్టమో కాదో కూడా డాక్టరు కావాలనుకునే పిల్లకు అక్కడే తెలుస్తుంది. దయచేసి ఆ రెండు వారాలకు వాళ్ల నాన్నగారి ఆఫీసుకు పంపవద్దు.

ఆ ఏడాది ఎలా సాగుతుందన్నది పాఠశాలను బట్టి చాలా మారుతుంది. కొన్నిచోట్ల గణితం వారానికి ఎన్ని పీరియడ్లో అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి రోజుకు గంటసేపు లెక్కలు ఇంట్లో చేయించండి. జాగ్రఫీయా, అకౌంటింగా అన్నది మీరు నిర్ణయించకుండా, నాలుగో సంవత్సరంలో రెండింటినీ రుచి చూసి తననే చెప్పమనండి.

నీట్ ఆలోచన గురించి ఒక్క మాట. మూడు సైన్సులతో అర్హత నిలుస్తుంది గానీ, లీవింగ్ సర్టిఫికెట్ చదువు నీట్‌కు సరిపోదు. తిరిగి వస్తే ఎలాగూ లాంగ్ టర్మ్‌లో చేరవలసిందే. అక్కడి వైద్యవిద్యకు కనీసం 480 పాయింట్లతోపాటు హెచ్‌ప్యాట్ అనే పరీక్ష ఉంటుంది, ఆ స్కోరు ఆ ఏడాదికే చెల్లుతుంది. నీట్‌కూ, హెచ్‌ప్యాట్‌కూ ఒకేసారి తయారు చేయించే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఐరిష్ మినహాయింపును పాఠశాల ప్రిన్సిపాలే మంజూరు చేస్తారు. అందుకు అమ్మాయి ఇంతవరకు ఎక్కడ చదివిందో చూపే కాగితాలు కావాలి. ఒకటో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, పదో తరగతి మార్కుల మెమో విజయవాడలో ఉండగానే తీసుకుని, ఒక్కోదానికి రెండేసి నకళ్లు ధ్రువీకరింపజేసి పెట్టుకోండి. మధ్యలో పాఠశాల మారి ఉంటే ఆ పాత పాఠశాలకు ఈ వారమే వెళ్లండి.